సగానికి చోటు లేని యాప్

మా ఆఫీసులో ఎవరు కొత్తగా చేరినా నేను చేసే మొదటి పని, వాళ్లను తీసుకెళ్లి రొయ్యల గుంట గట్టు మీద ఒక పూట నిలబెట్టడం. కోడు రాసేవాళ్లు, టెస్టింగు చేసేవాళ్లు, స్క్రీన్లు గీసేవాళ్లు, ఫోన్లు ఎత్తేవాళ్లు, ఎవరికీ మినహాయింపు లేదు. "అక్కా, నాది సర్వర్ పని, గుంటతో నాకేం పని?" అని గొణిగినవాళ్లు ఉన్నారు. "చెప్పులు వదిలేయ్, జారతాయి, పద" అంటాను. వాళ్లు నన్నేదో ముందుచూపున్న మనిషి అనుకుంటారు. పాపం, అసలు సంగతి తెలియదు. ఆ నియమం నా తెలివిలోంచి పుట్టింది కాదు. నా పొగరు అణిగాక పుట్టింది.

నెల్లూరులో మాది చిన్న ఆఫీసు. కింద టిఫిన్ హోటలు, పైన మేము. సాయంత్రం నాలుగయిందంటే బజ్జీల వాసన కిటికీలోంచి లోపలికి వచ్చి ఒక్కరినీ పని చేయనివ్వదు. అప్పట్లో నాతో కలిపి ఆరుగురం. రొయ్యలు పెంచే రైతుల కోసం ఫోన్లో ఒక యాప్ తయారుచేస్తున్నాం. గుంటలో ఎంత మేత వేశారు, ఎంత మిగిలింది, రొయ్య ఎంత పెరిగింది, ఇవన్నీ అందులో పెడితే వచ్చే పూటకు ఎంత మేత వేయాలో అదే చెబుతుంది.

ఆ ఆరుగురిలో రైతుల దగ్గరికి వెళ్లేది నేనొక్కదాన్నే. మిగతా అయిదుగురూ కంప్యూటర్ల ముందే. నేను వెళ్లి, విని, రాసుకుని వచ్చి చెబితే వాళ్లు చేయాలి. ఎందుకంటే నేను రైతు ఇంటి బిడ్డను. మాది దొరవారిసత్రం దగ్గర వరి పండే ఊరు. చిన్నప్పుడు నారుమళ్లలో ఆడుకున్నదాన్ని, రైతు మనసు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈ మాట రోజుకు రెండుసార్లయినా అనేదాన్ని. వరికీ రొయ్యకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే ఊరుకునేదాన్ని కూడా కాదు లెండి.

మా మొదటి కస్టమర్లలో ఒకాయన ముత్తుకూరులో ఉంటాడు. ఆయన గుంటలు రెండు, ఊరికి దూరంగా, సముద్రపు కాలువ పక్కన. మంచి మనిషి, మాటకారి. నేను మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఆయనింటి హాల్లో, ఫ్యాను కింద, కాఫీ తాగుతూ మాట్లాడాం. గుంట దగ్గరికి పోదామని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఎండ మరి.

రొయ్యల మేత సంగతి కొంచెం చెప్పాలి. రోజుకు నాలుగు పూటలు మేత వేస్తారు. ప్రతి పూటా వల బిగించిన ఒక ట్రేలో కాస్త మేత పెట్టి గుంట అంచున నీళ్లలోకి దించుతారు. రెండు గంటలయ్యాక పైకి లాగి చూస్తారు. ట్రే ఖాళీ అయితే రొయ్యలు బాగా తింటున్నట్టు, వచ్చే పూట కొంచెం పెంచవచ్చు. మిగిలితే తగ్గించాలి. మిగిలినా తగ్గించకపోతే మేత అడుక్కి చేరి కుళ్లి నీళ్లను పాడుచేస్తుంది. రొయ్యల పనిలో అందరికీ తెలిసిన పద్ధతి ఇది. మేము చేసిందల్లా దాన్ని ఫోన్లోకి ఎక్కించడం.

"ట్రేలో ఎంత మిగిలిందో గ్రాముల్లో రావాలమ్మా. పక్కాగా ఉండాల" అన్నాడాయన. నేను గ్రాములు అని రాసుకున్నాను, కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆఫీసుకొచ్చి చెబితే మా టెస్టింగు అమ్మాయి తల అడ్డంగా ఊపింది. సూళ్లూరుపేట నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, మాట మెత్తన. "అక్కా, గట్టు మీద గ్రాములు ఎవరు తూస్తారు? ఒకసారి అడగొద్దా?"

"నేను అడిగే వచ్చానమ్మా తల్లీ" అన్నాను. స్క్రీన్లు గీసే అతను గ్రాములకు ఒక గడి పెట్టాడు. గడిలో ముందుగానే సున్నా పెట్టాడు. పూట కాగానే ఫోను మోగుతుంది, ఆ గడి నింపి సేవ్ నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. మర్చిపోకుండా అలారం ఉండాలన్నదీ రైతు కోరికే. ఆయన అడిగినవన్నీ చేసి పెట్టామని నాకు ఎంత గర్వమో చెప్పలేను.

యాప్ మొదలుపెట్టిన నెల తర్వాత, ఒక శుక్రవారం పొద్దున ఆయన ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"అమ్మా, నీ యాప్ దొంగను పట్టిచ్చింది!"

"ఏ దొంగ అన్నా?"

"మా గుంటల కాడ షెడ్డులో ఆలుమగలు ఉంటారు గదా, మేత వేసేది, ట్రే చూసేది అంతా వాళ్లే. నీ యాప్‌లో చూస్తా ఉండా, రోజూ ట్రే ఖాళీ. అంటే రొయ్య బాగా తింటా ఉండాది. బస్తాలూ ఖాళీ. మరి రొయ్య మాత్రం పెరగలా. మేత ఏమైనట్టు? అమ్ముకుంటా ఉండారు! ఫోన్లో ఎర్రగా గుర్తు గూడా వచ్చిందమ్మా. సోమారం కొత్తోళ్లు వస్తా ఉండారు. వీళ్లని పంపించేస్తా."

నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. మేతకూ పెరుగుదలకూ పొంతన లేకపోతే ఎర్ర గుర్తు రావాలన్నది నా ఆలోచనే. పరుగున వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. చెన్నైలో ఉన్న మా కంపెనీ పెద్దాయనకు కూడా వీడియో కాల్లో చెప్పాను. ఆయన చప్పట్లు కొట్టాడు. నేనెప్పుడూ చూడని ఇద్దరు మనుషులను దొంగలని నవ్వుతూ చెప్పిన నా గొంతు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

మధ్యాహ్నం టెస్టింగు అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి లాప్‌టాప్ ముందు పెట్టింది.

"అక్కా, ఇది చూడు. నెల రోజులు, రెండు గుంటలు, నాలుగు పూటలు. అన్నీ సున్నాలే. ఒక్క పూట కూడా వేరే అంకె లేదు."

"ట్రే ఖాళీ అయితే సున్నాయేగా వస్తుంది?"

"రొయ్యలకు ఒక్క పూటయినా ఆకలి మందగించదా అక్కా? వానొచ్చిన రోజు కూడా సున్నాయే. మా ఇంట్లో ఇద్దరు పిల్లలే ఒక రోజు తిన్నట్టు ఇంకో రోజు తినరు."

నాకు ఒళ్లు మండింది. అవును, మండింది, దాచడమెందుకు. "రైతుతో మాట్లాడేది నేనా నువ్వా? నా పని నాకు నేర్పిస్తావా?" అన్నాను. మిగతావాళ్లు గబగబా తమ స్క్రీన్ల వైపు తిరిగారు. ఆమె మాత్రం కదల్లేదు.

"నేర్పించడం కాదక్కా. సోమవారం ఆ ఇద్దరూ వెళ్లిపోతారు. దొంగలని పేరు పడ్డాక ఇంకే గట్టు మీదా పని దొరకదు వాళ్లకు. వాళ్లు దొంగలే అయితే మనకు పోయేదేముంది, ఒకసారి చూసొద్దాం. అందరం."

సరే పదండి, చూసి నోళ్లు మూసుకుందురు గాని, అనుకున్నాను. నేను ఒప్పుకున్నది న్యాయం కోసం కాదు, వీళ్ల నోరు మూయించడం కోసం. శనివారం పొద్దున వ్యాను మాట్లాడి అయిదుగురినీ ఎక్కించాను.

పోర్టు వైపు పోయే లారీల వెనక గంటకు పైగా పాకుతూ వెళ్లాం. ముత్తుకూరు దాటి గుంటల మధ్య మట్టిదారి పట్టేసరికి స్క్రీన్లు గీసే అతను ముక్కుకు రుమాలు కట్టేశాడు. చేప కాదు కదా, కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. రొయ్యల యాప్‌కు స్క్రీన్లన్నీ గీసిన మహానుభావుడు రొయ్యను ప్రాణంతో చూడటం ఆ రోజే మొదలు. మిగతావాళ్లు ఆటపట్టిస్తుంటే పాపం రుమాలు వెనక నుంచే నవ్వాడు.

రెండు గుంటల మధ్య గట్టు మీద రేకుల షెడ్డు. ఎదురొచ్చిన ఆమెకు నలభై అయిదేళ్లుంటాయేమో. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుని ఉంది. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికినవాళ్లట, వేట సాగక ఈ పనిలోకి వచ్చారట. మేమెవరమో చెప్పకముందే "అన్నాలు తిన్నారా?" అని అడిగింది. షెడ్డులో ఆమె భర్త గిన్నెలు గోతంలో సర్దుతున్నాడు.

"సోమారం పొమ్మన్నాడు అన్న. పోతాం. పని పోతే పోయింది, ఇంకోటి చూసుకుంటాం. మేత దొంగలని అన్నాడే, ఆ మాటే నాకు ముద్ద దిగనీలా" అందామె. కోపంగా కాదు, మామూలుగానే. మేము ఆ ఫోన్లోని యాప్ తయారుచేసినవాళ్లమని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. టెస్టింగు అమ్మాయే చెప్పింది. "మీరు పని చేసేది చూసిపోదామని వచ్చాం అక్కా, మేమున్నామని ఏమీ మార్చొద్దు" అంది.

ట్రే చూసే వేళయింది. షెడ్డులో మేకుకు వేలాడదీసిన ఫోను గట్టిగా మోగడం మొదలుపెట్టింది. నీళ్లు తగలకుండా దాన్ని ఖాళీ పాల ప్యాకెట్లో పెట్టారు. ఆమె గుంటలోకి వేసిన చెక్క బల్ల మీద చివరిదాకా నడిచింది, తాడు లాగి ట్రే పైకి తీసింది, వేళ్లతో ఒకసారి తడిమింది. అక్కడి నుంచే కేకేసింది.

"సగం ఉండాది!"

భర్త షెడ్డులో ఫోను తీసుకుని, పాల ప్యాకెట్ మీది నుంచే సేవ్ నొక్కాడు. మోత ఆగింది. ఫోను మళ్లీ మేకుకు తగిలించాడు.

మేము ఆరుగురం ఆ మేకు వైపే చూస్తూ నిలబడిపోయాం. టెస్టింగు అమ్మాయి మెల్లగా అడిగింది. "అన్నా, అక్క సగం అని అరిచింది కదా. మీరు ఏం కొట్టారు?"

"సగానికి ఇందులో చోటు యాడుందమ్మా?" అన్నాడాయన. "గ్రాములంటుంది. మా కాడ కాటా లేదు. తడి మేత ఎట్టా తూసేది? నొక్కిందాకా నోరు మూయదు, నొక్కేస్తా. అందులో ఏముండాదో నాకేం తెలుసు?"

అందులో ఉన్నది సున్నా. స్క్రీను అతను ముక్కు మీది రుమాలు లాగేశాడు. "ఆ సున్నా నేను పెట్టిందే అక్కా. గడి ఖాళీగా ఉంటే యాప్ ఆగిపోతుందని పెట్టాను" అన్నాడు నాతో. "గ్రాములని చెప్పింది నేను" అన్నాను. ఆ మాట బయటికి రావడానికి నాకెంత కష్టమైందో నాకే తెలుసు.

ఇంకేముంది, అంతా తేలిపోయింది. ట్రేలో మేత మిగులుతోంది. మా యాప్‌కు సున్నా పోతోంది. రొయ్యలు ఆకలి మీద ఉన్నాయనుకుని యాప్ రోజూ మేత పెంచుతోంది. ఫోను చెప్పినంతా వేయండి, మీ తెలివి వాడొద్దు అని యజమాని గట్టిగా చెప్పాడు కాబట్టి వీళ్లు బస్తాలు విప్పి వేస్తున్నారు.

"మీకు తెలుస్తూనే ఉంది కదా, ఎక్కువవుతోందని. ఆయనతో చెప్పలేదా?" అని ఆమెను అడిగాను.

"చెప్పకుండా ఎట్టుంటానమ్మా? రెండు తూర్లు చెప్పినా. ఫోను కంటే నీకు ఎక్కువ తెలుసునా అన్నాడు. ఇంక నోరు మూసుకున్యా."

నేను యజమానికి ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మన్నాను. ఆయన రావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటను నేను జన్మలో మర్చిపోను. మావాళ్లు మేత బస్తాల మీద కూర్చుని ఆమెను అడగని ప్రశ్న లేదు. ఏడాదిగా కస్టమర్ల దగ్గర తిరుగుతున్నదాన్ని, వాటిలో ఒక్కటి కూడా నాకు తట్టలేదు. సర్వర్ చూసే అతను ఇక్కడ సిగ్నలు ఏ వేళకు పోతుందో అడిగాడు. ఇంకొకరు మోత ఎంత దూరం వినిపిస్తుందో అడిగారు. ట్రేలో మిగిలింది మీ మాటల్లో ఎలా చెబుతారని స్క్రీను అతను అడిగాడు.

"ఏముందబ్బయా, నాలుగు మాటలే. కడిగినట్టు ఉండాది. చిటికెడు ఉండాది. సగం ఉండాది. ముట్టనే లా. అంతే!"

అతను నాలుగు ట్రేల బొమ్మలు కాగితం మీద గీసి చూపించాడు. ఆమె రెండో బొమ్మలో మేత ఎక్కువ గీశావని దిద్దించింది. తర్వాత ట్రేలోంచి ఒక రొయ్యను తీసి, వెలుతురుకు ఎత్తి, వీపు వెంట పోయే నల్లటి గీతను చూపించింది. అది పేగట. గీత నిండుగా ఉంటే కడుపు నిండినట్టు, అక్కడక్కడా తెగి ఉంటే తిండి సయించనట్టు. ఆ రొయ్యది మూడు చోట్ల తెగి ఉంది. కోడిగుడ్డు ముట్టని మా మనిషి అరచేయి చాపి దాన్ని పట్టుకున్నాడు. అది ఎగిరి అతని చొక్కాలో పడింది. అందరం పడీపడీ నవ్వాం. పని చేస్తూ నేనంత సంతోషంగా ఉన్న రోజు అంతకుముందు లేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సినదాన్ని, హాయిగా ఉందేమిటని నాకే ఆశ్చర్యం వేసింది.

యజమాని బండి మీద వచ్చాడు. ఇంతమందిని చూసి కంగారుపడ్డాడు. "ఏందమ్మా, ఇంకేమైనా పోయినాయా?"

"ఏమీ పోలేదన్నా. మేత ఎవరూ అమ్ముకోలేదు. తప్పు మాది."

ఆయన నమ్మలేదు. "ఫోన్లో ట్రే ఖాళీ అనే ఉండాదే! నేను రోజూ చూస్తా ఉండా గదా."

"ఆ ఖాళీ వాళ్లు చెప్పింది కాదన్నా. మేము ముందే పెట్టింది. వాళ్లు సగం మిగిలిందన్నా మా యాప్ మీకు ఖాళీ అనే చూపించింది. నెల రోజులుగా మీకు అబద్ధం చెప్పింది నేను, వాళ్లు కాదు."

"మరి మేత యాడ పోయినట్టు?"

ఆ మాటకు జవాబు ఆమె ఇచ్చింది, నోటితో కాదు. పొడుగాటి కర్ర చివర కట్టిన డబ్బాను గుంటలోకి దించి, అడుగు మట్టి తోడి తెచ్చి ఆయన కాళ్ల ముందు పోసింది. కాటుకలా నల్లగా ఉంది, కుళ్లు కంపు. మధ్యలో నాని ఉబ్బిన మేత పలుకులు. ఈ కుళ్లుకే నీళ్లు చెడి, తిండి సయించక రొయ్య పెరగలేదు. ఆయన గొంతుక్కూర్చుని ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. చాలాసేపు లేవలేదు. ఇది చూశాక కూడా పొమ్మంటే నేనేం చేయగలను? గుంటలు ఆయనవి, మాట ఆయనది.

లేచి కాలువలో చేతులు కడుక్కున్నాడు. జేబులోంచి ఫోను తీసి ఎవరికో చేశాడు. "సోమారం రావొద్దులే. ఆ, వొద్దు. ఇక్కడ మనుషులు ఉండారు" అని పెట్టేశాడు. ఆమె వైపు తిరిగాడు గానీ మొహంలోకి చూడలేకపోయాడు. తప్పయిపోయిందని అంటాడేమో అనుకున్నాను. మా వైపు మగవాళ్లకు ఆ మాట అంత తొందరగా నోట రాదు. నీళ్ల వైపు చూస్తూ అడిగాడు.

"ఈ పూటకు ఎంత మేత వేద్దామంటావు?"

ఆమె తన భర్త వైపు చూసింది, మా వైపు చూసింది, నిజంగా తననే అడుగుతున్నాడా అన్నట్టు. చేతులు కొంగుకు తుడుచుకుని, బల్ల మీద చివరిదాకా నడిచి వెళ్లి, నీళ్లు చూసి వచ్చింది.

"ఈ పూట వొద్దన్నా. రేపు పొద్దన్న గూడా వొద్దు. ఎల్లుండి ట్రే చూసి చెప్తా."

"సరే. నువ్వు చెప్పినాకనే వేద్దాం" అన్నాడాయన.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు, అందరి ముందూ భోరుమన్నాను. ఆమె దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని, నిన్ను దొంగవని నేను కూడా ఒక మీటింగులో చెప్పాను తల్లీ, అని చెప్పేశాను. చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె నా మొహంలోకి చూసింది.

"నన్ను చూడకుండానే చెప్పినావా?"

"చూడకుండానే చెప్పాను."

"ఇప్పుడు చూసినావు గదా. పోయి మళ్లీ చెప్పు, వాళ్లకే" అంది.

వ్యాను ఎక్కకముందే, ఆ గట్టు మీద నిలబడే, చెన్నైలోని పెద్దాయనకు వీడియో కాల్ చేశాను. ఆమెను పక్కన నిలబెట్టుకుని, ఏమేం జరిగిందో అంతా చెప్పాను.